పదకొండో వరుస, ఎడంవైపు

మా బావ సినిమా హాల్లో కుర్చీలు బాగుచేస్తాడు. మొత్తం ఎనిమిదివందల అరవై కుర్చీలు. దేనికి స్పంజి కుంగిందో, దేని చెయ్యి ఊగుతోందో, దేనికింద ఎవరు బబుల్‌గమ్ అంటించి పోయారో ఆయనకి చీకట్లో కూడా తెలుసు. ఇరవై రెండేళ్ళ నుంచీ అదే హాలు, అవే కుర్చీలు. అయినా మా వీధిలో కుర్చీల మేస్త్రీ ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. విమానాలాయన ఇల్లు అని అడిగితే మాత్రం చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గుమ్మంలో దింపుతారు.

వీధిలో ఎవరు విమానం ఎక్కాల్సి వచ్చినా ముందుగా వచ్చేది బావ దగ్గరికే. బావ వాళ్ళని కూర్చోబెట్టి డాక్టరులాగా ఒక్కొక్కటే అడుగుతాడు. ఎత్తెంత, మోకాళ్ళ నొప్పులున్నాయా, కుదుపులకి కడుపులో తిప్పుతుందా, గంటకి ఎన్నిసార్లు లేచి వెళ్ళాలి. అంతా విని, కాసేపు కళ్ళు మూసుకుని, ఒక చీటీ మీద సీటు నంబరు రాసిస్తాడు. కడుపులో తిప్పేవాళ్ళకి రెక్కల పక్కన, ఎందుకంటే అక్కడ ఊపు తక్కువ. మాటిమాటికీ లేచేవాళ్ళకి నడవ పక్కన. నోరు మూసుకుని కూర్చోలేని మా ఎదురింటి ప్లీడరుగారికి మాత్రం, మిగతా ప్రయాణికుల మీద జాలితో, చిట్టచివరి వరుస రాసిచ్చాడు.

ఫీజు లేదు కానీ ఒక షరతు ఉంది. సీట్లో కూర్చున్నాక తమ మోకాలికీ ముందు సీటు వీపుకీ మధ్య చేతివేళ్ళు అడ్డంగా పెట్టి, ఎన్ని పట్టాయో చూసి, తిరిగొచ్చాక బావకి చెప్పాలి. నాలుగు పడితే అది మనుషుల కోసం చేసిన సీటు. మూడంటే సర్దుకోవచ్చు. రెండంటే అప్పుడు బావ ముఖం చూడాలి, సొంత కూతురికి ఎవరో అన్నం పెట్టలేదన్నంత బాధపడతాడు. నాలుగుకి మించి ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ఇంతకీ అసలు సంగతి చెప్పనే లేదు. మా బావ విమానం ఎక్కలేదు. ఒక్కసారి కూడా.

నేను బావమరిదిని కాబట్టి ఈ ముక్క నలుగురిలో ఎత్తే హక్కు నాకుంది. "ఈత రాని ఈత మాస్టారివి బావా నువ్వు" అంటే ఆయన ఏమాత్రం తొణకడు. "గుండె ఆపరేషన్ చేసే డాక్టరు ముందు తను చేయించుకుని వస్తాడట్రా?" అంటాడు. మళ్ళీ వారం నేను అదే మాట అంటాను, ఆయన అదే జవాబు చెబుతాడు.

ప్రతి ఆదివారం పొద్దున్న లేత్ మాస్టారి వర్క్‌షాపు మేడ మీద బావావాళ్ళ విమానాల సభ. ఆ మేడకీ ఎయిర్‌పోర్టు ప్రహరీకీ మధ్య ఒక రోడ్డే అడ్డం. సభ్యులు ముగ్గురు. లేత్ మాస్టారు జీవితమంతా ఇనుము తరిగిన మనిషి, ఇంజను తప్ప ఇంకోటి పట్టదు. ఆ ఫ్యాను రెక్క ఏ లోహంతో చేస్తారో, ఎలా మెలి తిప్పుతారో చెప్పడం మొదలుపెడితే చేతిలో టీ చల్లారిపోవాల్సిందే. టీచరమ్మ హైస్కూల్లో భూగోళం చెబుతుంది. ఆవిడది కంపెనీల శాఖ. ఏ కంపెనీ ఎన్ని గంటలు ఆలస్యం చేసింది, చేశాక ఎంతసేపటికి క్షమించమని అడిగింది, అన్నీ ఒక పొడుగాటి పుస్తకంలో రాస్తుంది. బావ తెచ్చే వేళ్ళ లెక్క కూడా ఆ పుస్తకంలోకే ఎక్కుతుంది. ముగ్గురిలోనూ విమానం ఎక్కింది ఆవిడొక్కతే. అదీ ఒకేసారి, అప్పుడు కూడా మొదటినుంచి చివరిదాకా నిద్రపోయింది. మిగతా ఇద్దరూ ఆవిణ్ణి ఇప్పటికీ క్షమించలేదు. నేను సభ్యుణ్ణి కాను. నా పని ఫ్లాస్కు మోయడం, సందు దొరికితే పుల్లలు పెట్టడం.

"అసలు విమానమంటే ఏంటండీ?" అంటాడు బావ. "మనిషి కూర్చునే కుర్చీ. దాన్ని ఒకచోటినుంచి ఇంకోచోటికి చేర్చడానికే మిగతా హంగామా అంతా."

"ఇంజను హంగామానా?" మాస్టారికి ఎక్కడలేని కోపం వస్తుంది. "ఆ ఫ్యాను ఆగిపోతే మీ కుర్చీ ఏం చేస్తుందో నేనూ చూస్తాను."

"ఇంజను బాగుందని ఎవరైనా దిగుతూ చెప్పారా? నడుం పట్టేసిందని మాత్రం ప్రతివాళ్ళూ చెబుతారు."

"ముందు అది టైముకి రానివ్వండి," అంటుంది టీచరమ్మ. "ఆ తర్వాత కొట్టుకోండి."

ఇంతలో నెత్తిమీద ఒకటి గర్జిస్తూ దిగుతుంది. రెండు పెద్ద కంపెనీల విమానాలకి వీళ్ళు ముక్కునిబట్టి పేర్లు పెట్టుకున్నారు. ఒకటి గుండ్రముక్కు, ఇంకోటి కోసుముక్కు. తలెత్తకుండా, చప్పుడు విని ఏ ముక్కో చెప్పడం బావకి మంచినీళ్ళు తాగినంత తేలిక.

ఇదంతా మేడ మీదే ఉంటే మా అక్కకి ఏ బాధా లేకపోయేది. బావ విమానాన్ని ఇంట్లోకి కూడా తెచ్చాడు. హాల్లో తీసేసిన పాత కుర్చీలు ఆరు పట్టుకొచ్చి, ముందుగదిలో ముందు మూడు, వెనక మూడు నేలకి బోల్టులేసి బిగించాడు. రెండు వరసల మధ్య దూరం, విమానంలో ఎంతుంటుందో అచ్చంగా అంత. ఇంటికొచ్చిన చుట్టాలు అందులో ఇరుక్కుని, టీ కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక, లేవాలంటే పక్కవాళ్ళ కాళ్ళు తొక్కి లేచేవాళ్ళు. ఒకసారి మా పెద్దమ్మ లేవలేకపోతే ఇద్దరం చెరో చెయ్యీ పట్టి లాగాం. ఆవిడ మళ్ళీ రాలేదు. "పోనీలెండి, ఒక్క లాభమైనా ఉంది," అంది అక్క.

అక్క బస్టాండులో మైకు ముందు కూర్చుంటుంది. అరవై రూట్లు, వాటి వేళలు, మధ్యలో ఆగే ఊళ్ళు, కాగితం చూడకుండా గుక్కతిప్పుకోకుండా చెబుతుంది. ఆవిడ ఉద్యోగధర్మం ఒక్కటే. "బస్సు గంట ఆలస్యమని ముందే చెప్పావనుకో, జనం బెంచీల మీద సర్దుకు కూర్చుంటారు. చెప్పలేదనుకో, పది నిమిషాలకే వచ్చి అద్దం మీద బాదుతారు. వాళ్ళ బాధ ఆలస్యం గురించి కాదురా, తెలియకపోవడం గురించి." బావ విమానాల గురించి మొదలుపెడితే మాత్రం ఆవిడ చెవులు రెండూ ఇంట్లో ఉండవు. ఇరవై రెండేళ్ళుగా ఆయన చెబుతూనే ఉన్నాడు, ఈవిడ కూర తరుగుతూ ఊ కొడుతూనే ఉంది.

అక్కకి మూసేసిన చోటంటే భయం. మామూలు భయం కాదు. లిఫ్టు ఎక్కదు, ఐదంతస్తులైనా మెట్లే. బాత్రూం కిటికీ ఎప్పుడూ వేయనివ్వదు. బయట కనిపిస్తూ ఉంటే ఫరవాలేదు, నాలుగువైపులా గోడలే ఉంటే ఊపిరి అందదు, చెమటలు పోస్తాయి. దీనికి కారణం నేనే. ఆవిడకి తొమ్మిదేళ్ళు, నాకు ఆరు. దాగుడుమూతల్లో ఆవిడ పాత బీరువాలో దాక్కుంది. నేను చూసి, నవ్వుకుంటూ బయటినుంచి గడియ పెట్టాను. ఇంతలో వీధిలో ఎవరో బంతాటకి పిలిచారు. నేను వెళ్ళిపోయాను, మర్చిపోయాను. గంటకి ఎవరో తలుపు తీశారు. అమ్మకి చెప్పలేదు అక్క, గడియ దానంతటదే పడిందని చెప్పింది. నేనూ చెప్పలేదు, ఇప్పటిదాకా.

ఆ సోమవారం సాయంత్రం ఫోను వచ్చింది. వీళ్ళ కూతురు, అంటే నా మేనకోడలు, భర్త ఉద్యోగం మూలంగా దూరపు ఊళ్ళో ఉంటోంది. నెలలు నిండడానికి ఇంకా మూడు వారాలుంది. డాక్టర్లేమో బిడ్డ అడ్డం తిరిగింది, ఆగడానికి లేదు, గురువారం పొద్దున్నే ఆపరేషన్ అన్నారు. పిల్ల ఫోన్లో ఏడవలేదు. "అమ్మా, నువ్వు పక్కన ఉంటావుగా?" అని మాత్రం అడిగింది. అక్క ఉంటానంది. ఫోను పెట్టేశాక రైలు వేళలు తనే లెక్కేసింది. ఉన్న ఒక్క రైలూ బుధవారం రాత్రి, చేరేది శుక్రవారం సాయంత్రం.

అప్పుడు ముగ్గురం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. బుధవారం మధ్యాహ్నం విమానం ఉంది.

"కిటికీ ఉంటుందా?" అడిగింది అక్క.

"ఉంటుంది."

"నా పక్కనే ఉంటుందా? తల తిప్పితే బయట కనిపించాలి. లేకపోతే నేను కూర్చోలేను, నాకు తెలుసు. మధ్యలో ఆపి దింపమంటే దింపరు కదా."

"నీ భుజానికి తగిలేంత దగ్గర్లో ఉంటుంది. నా మాట నమ్ము," అన్నాడు బావ. ఆయన గొంతు అంత మెత్తగా పలకడం నేనెప్పుడూ వినలేదు.

ముగ్గురికీ టికెట్లు తీశాక సీటు ఎంచడానికి అత్యవసర సభ పిలిచారు. వెళ్ళేది గుండ్రముక్కు అని తేలింది. మాస్టారు ఇంజనుకి దగ్గరగా అన్నాడు, టీచరమ్మ తలుపుకి దగ్గరగా అంది. బావ ఇద్దర్నీ తోసిపుచ్చాడు. పదకొండో వరుస, ఎడంవైపు. ఊపు తక్కువ, కిటికీ సరిగ్గా భుజం ఎత్తున, పైగా అక్కణ్ణుంచి రెక్క కూడా కాస్త కనిపిస్తుంది. రెక్క అన్నప్పుడు బావ కళ్ళలో మెరుపు నేను చూశాను. దిగేటప్పుడు రెక్క వెనకనుంచి పలకలు ఒక్కొక్కటే జారి కిందికి విచ్చుకుంటాయట. ఆ సంగతి తలుచుకుంటేనే ఆయనకి ఒళ్ళు పులకరిస్తుంది. అక్క భుజం మీదుగా మెడ చాచి చూద్దామని ఆశ.

మంగళవారం రెండు పూటలా ముందుగదిలో రిహార్సల్ చేశాం. ఎడంపక్క అక్క, మధ్యలో బావ, నడవవైపు నేను. అక్క పక్కన నిజం కిటికీ, దాంట్లోంచి ఎదురింటి ప్లీడరుగారి లుంగీలు ఆరేసిన తాడు. ముప్పావుగంట కూర్చుంది అక్క. "ఫరవాలేదండీ, కూర్చోగలను," అంది. బావ ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

బుధవారం ఎయిర్‌పోర్టు కౌంటర్లో ఉన్న అమ్మాయి మా కాగితాలు చూసి, కంప్యూటర్లో ఏదో చూసి, "సర్, మీ సీట్లు పద్దెనిమిదో వరసకి మార్చనా?" అని అడిగింది.

దేవుడు ఆ అమ్మాయి నోట వరం పలికించాడు. మా బావ ఏం చేశాడు? నవ్వాడు. చిన్నపిల్ల అడిగిన తెలివితక్కువ ప్రశ్నకి పెద్దవాళ్ళు నవ్వే నవ్వు.

"పద్దెనిమిదో వరస రెక్క మీద పడుతుందమ్మా. కింద నేల కనపడదు."

"అది కాదు సర్, ఇవాళ విమానం..."

"నువ్వు ఈ ఉద్యోగంలో చేరి ఎన్నాళ్ళయిందమ్మా?"

"ఎనిమిది నెలలు సర్."

"నేను ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను. పదకొండే ఉంచు."

వెనక క్యూలో ఒకాయన దగ్గాడు. ఆ అమ్మాయి ఒక్క క్షణం బావ వంక చూసి, పదకొండే ఉంచింది. అప్పుడు నేను కూడా బావని చూసి గర్వపడ్డానని ఒప్పుకోవాలి.

లోపల కూర్చునే హాల్లో ఒకవైపంతా అద్దమే. అక్క హాయిగా అద్దం పక్కన కూర్చుంది. బావ మా విమానం చూద్దామని పిల్లాడిలా పరిగెత్తి, అద్దానికి ముక్కు ఆనించి, అలాగే ఉండిపోయాడు. ఎంతకీ కదలకపోతే నేను వెళ్ళాను.

"ముక్కు చూడరా," అన్నాడు.

కోసుగా ఉంది.

"విమానం మార్చారు. ఆ అమ్మాయి అదే చెప్పబోయింది." బావ అద్దం మీద వేలు పెట్టి చూపించాడు. "కోసుముక్కులో చల్లగాలి గొట్టం గోడలోంచి పైకి వెళుతుంది. అది వెళ్ళేచోట కిటికీ పెట్టడానికి చోటుండదు. ఎడంవైపు ఒక్క వరసకే అలా ఉంటుంది. విమానం మొత్తంలో ఒక్క వరసకి."

ఎన్నో వరసో నేను అడగలేదు. ఇరవై రెండేళ్ళ పరిశోధన చేసి, అడగని సలహా వద్దని, మా బావ సరిగ్గా గోడ దగ్గర సీటు ఎంచుకుని మరీ పప్పులో కాలేశాడు. ఏమీ తెలియనివాడైతే పద్దెనిమిదో వరసలో హాయిగా కూర్చునేవాడు.

గేటు దగ్గరున్నవాళ్ళని బతిమాలాం. విమానం నిండిపోయింది, ఒక్క సీటు కూడా లేదన్నారు. "అక్కకి చెప్పకు బావా, లోపలికి వెళ్ళాక చూద్దాం," అన్నాను నేను. నా బుద్ధి చిన్నప్పటినుంచీ అంతే. బావ తల అడ్డంగా ఊపి, వెళ్ళి అక్క పక్కన కూర్చున్నాడు. ఏం తప్పు చేశాడో మొదటినుంచి చెప్పాడు, కౌంటర్లో అమ్మాయిని అన్న మాటతో సహా. అక్క అంతా విని, "గోడా?" అంది.

"గోడే."

ఆవిడ ఒకసారి ఫోను తీసి కూతురు పంపిన ఫోటో చూసుకుంది. లేచి క్యూలో నిలబడింది.

లోపలికి వెళ్ళి కూర్చుంది కూడా. మూడు నిమిషాలు కూర్చుంది. గోడ మీద అరచెయ్యి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. పై పెదవి మీద చెమట పట్టడం నాకు కనిపిస్తోంది. ఆ చెమట నేను పెట్టిన గడియదే. ఇంతలో బావ లేచి పన్నెండో వరసలో కిటికీ పక్కన కూర్చున్న కళ్ళజోడాయన దగ్గరికి వెళ్ళాడు. "అయ్యా, మా ఆవిడకి కాస్త ఈ సీటు ఇస్తారా" అంటే సరిపోయేది. బావ అలా అడిగితే బావ ఎందుకవుతాడు?

"సర్, మీ ముందు వరస గోడలో ఒక గొట్టం ఉంది..." అని మొదలుపెట్టాడు.

"గోడలో ఏముంది?" ఆయన సగం లేచాడు.

"భయపడకండి, గాలి దాంట్లోంచే..."

ఆయన నెత్తిమీది గంట నొక్కేశాడు. గోడలో ఏదో ఉందంటున్నాడు ఈయన అని ఎయిర్‌హోస్టెస్‌కి చెప్పాడు. ఆ అమ్మాయి వచ్చి బావకి చాలా మర్యాదగా, చిలక్కి చెప్పినట్టు చెప్పి, చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టింది. అదే సమయానికి అక్క లేచి నిలబడింది.

"నేను దిగిపోతానండీ. నావల్ల కాదు. పిల్లకి మీరు చెప్పండి."

"దిగాలంటే ఇప్పుడే చెప్పండి మేడమ్," అంది ఎయిర్‌హోస్టెస్. "తలుపు వేసేయబోతున్నాం."

సరిగ్గా అప్పుడే పైనుంచి తెల్లగా పొగలాంటిది దిగింది. అక్క బావ భుజం పట్టుకుంది. నేనైతే కళ్ళు తేలేశాను.

"పొగ కాదే అది," అన్నాడు బావ. "బయట ఉక్కగా ఉందిగా, చల్లగాలి తగిలి ఆవిరి కడుతోంది. లెక్కపెట్టు, పది లోపు పోతుంది."

ఏడుకే పోయింది. అక్క బావ వంక చూసింది.

"తర్వాత ఏమవుతుంది?"

"తలుపు వేస్తారు. చెవుల్లో కాస్త దిబ్బడ వేసినట్టుంటుంది."

"తర్వాత?"

"మనం ముందుకి వెళ్ళం, వెనక్కి వెళతాం. కింద ట్రాక్టరు తోస్తుంది. అప్పుడు చల్లగాలి ఒక నిమిషం ఆగిపోతుంది, దీపాలు ఒక్కసారి రెప్పవేస్తాయి. ఇంజను మొదలుపెట్టడానికే, భయం లేదు."

"మీకివన్నీ ఎలా తెలుసు?"

"ఇన్నేళ్ళుగా నీకు చెబుతూనే ఉన్నాను కదే."

"నేను వినలేదు."

"తెలుసు."

అక్క నిలబడే ఉంది. ఎయిర్‌హోస్టెస్ నిలబడే ఉంది. నడవలో ఇంకో నలుగురు మావైపే చూస్తున్నారు. అక్క నెమ్మదిగా కూర్చుని, బెల్టు పెట్టుకుని, బావ చెయ్యి తీసుకుని తన రెండు చేతుల్లో పెట్టుకుంది.

"ఇప్పుడు వింటాను. ఏదైనా సరే అయ్యాక చెప్పకండి, అవకముందు చెప్పండి," అంది. తర్వాత ఎయిర్‌హోస్టెస్‌తో, "మీ తలుపు వేసుకోండమ్మా," అంది.

నేను అప్పటిదాకా బావని వెయ్యిసార్లు ఆటపట్టించి ఉంటాను. ఆ అరగంటలో ఒక్కమాట అంటే ఒట్టు. వెనక్కి వెళతామన్నాడు, వెళ్ళాం. దీపాలు రెప్పవేస్తాయన్నాడు, వేశాయి. "ఇప్పుడు వీపుని సీటు వెనక్కి లాగుతుంది, మనసులో ముప్పై ఐదు లెక్కపెట్టేలోపు నేల వదులుతాం." ముప్పై ఒకటికి వదిలాం. "ఇప్పుడు కిందనుంచి దబ్బుమని చప్పుడు, చక్రాలు మడిచారు." దబ్బుమంది. "ఇప్పుడు ఇంజను గొంతు తగ్గిపోతుంది, ఆగిపోయిందనిపిస్తుంది. ఆగలేదు, అంత బలం ఇక అక్కర్లేదు, అంతే." తగ్గింది. నాకు ముందే తెలిసినా పైప్రాణాలు పైనే పోయాయి. అక్క మాత్రం గోడవైపు చూడ్డం మానేసి బావ నోటివైపే చూస్తోంది, నోటీసు బోర్డు చదువుతున్నట్టు. ఇన్నేళ్ళలో బావ మాట పూర్తయ్యేదాకా ఆవిడ తల తిప్పకపోవడం నేను చూడ్డం అదే మొదలు. బావకి కూడా అదే మొదలనుకుంటాను.

"చెవులు ఇంత నొప్పి పెడతాయని చెప్పలేదేం?" అంది కాసేపటికి.

"అది పుస్తకాల్లో ఇంతుంటుందని లేదు," అన్నాడు బావ తన చెవులు పట్టుకుని.

బెల్టు దీపాలు ఆరాక, పద్నాలుగో వరసనుంచి ఒక కాలేజీ పిల్ల లేచి వచ్చింది. ఇందాకటి గొడవంతా వింది. "ఆంటీ, నాది కిటికీ సీటు. మీరు వెళ్ళి కూర్చోండి. నాకు గోడ ఉంటేనే మంచిది, ఆనుకుని నిద్రపోతాను," అంది.

బావ ముఖం విప్పారింది. "వెళ్ళవే, వెళ్ళు. కిటికీ."

అక్క లేవలేదు. "కిటికీలోంచి అవుతున్నది కనిపిస్తుంది. అవబోయేది మీరే చెప్పాలి. నాకు అదే కావాలి," అంది. ఆ తర్వాత బావ కళ్ళు ఎటు పోతున్నాయో చూసింది. పద్నాలుగో వరస కిటికీలోంచి రెక్క అంచు మెరుస్తోంది. "ఈయన్ని కూర్చోబెట్టమ్మా," అంది ఆ పిల్లతో.

"నేనెందుకు? నువ్వు..."

"దిగేదాకా ఏమేం అవుతాయో అన్నీ వరసగా ఒకసారి చెప్పేసి వెళ్ళండి. అరవై రూట్లు గుర్తున్నాయి నాకు, ఇదొక్కటి గుర్తుండదా?"

బావ చెప్పాడు. ఆవిడ కళ్ళు మూసుకుని విని, తిరిగి అప్పచెప్పింది, ఒక్క స్టాపు కూడా తప్పకుండా. బావ వెళ్ళి రెక్క పక్కన కూర్చున్నాడు. పిల్ల గోడకి ఆనుకుని రెండు నిమిషాల్లో నిద్రపోయింది. అక్క మధ్య సీట్లోకి, నా పక్కకి జరిగింది.

విమానం కిందికి దిగడం మొదలుపెట్టగానే తర్వాత ఏమవుతుందో నాకు తెలియదని గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ పుల్లలు పెట్టడమే తప్ప నేను కూడా బావ మాట ఏనాడైనా విన్నానా? సీటు చేతుల్ని ఉడుంపట్టు పట్టాను. అక్క నా చేతి మీద చెయ్యేసింది.

"అక్కా," అన్నాను. "ఆ బీరువా గడియ..."

"ఆగరా. ఇప్పుడు విమానం ఒళ్ళంతా గడగడా ఊగుతుంది, వేగం తగ్గించడానికి రెక్క మీద పలకలు లేపుతారు. కంగారు పడకు."

ఊగింది.

"నేనే పెట్టాను అక్కా అది."

"తెలుసురా, చీలికలోంచి నీ లాగూ కనిపించింది. ఇప్పుడు చక్రాలు దిగుతాయి, దబ్బుమంటుంది."

దబ్బుమంది. నాకు ఏడుపొచ్చింది, ఏ దబ్బుకో తెలియదు. అక్క అదేమీ పట్టించుకోలేదు. బస్టాండు గొంతుతో, ఏ ఊరికి ఏ బస్సో చెప్పినట్టే, వరసగా చెప్పుకుపోతోంది. నేల తగులుతుంది, తగిలింది. ఇంజను మళ్ళీ అరుస్తుంది, అది ఆపడానికే, అరిచింది. ఆ మైకు గొంతు నాలుగు వరసలదాకా వెళ్ళింది. వెనక కళ్ళజోడాయన గట్టిగా ఊపిరి వదిలి, "థాంక్సమ్మా," అన్నాడు.

దిగాక బావని అడిగాను, రెక్క పలకలు విచ్చుకోవడం చూశావా అని.

"ఎక్కడ చూశాన్రా," అన్నాడు బావ. "మీ అక్క గొంతు వినపడుతోంటే, ఎక్కడైనా ఒక్కటి తప్పు చెబుతుందేమోనని వింటూ కూర్చున్నాను. కళ్ళముందు ఏం జరిగిందో తెలియలేదు." సంచి భుజానికెత్తుకుని, "ఒక్కటీ తప్పలేదు," అన్నాడు.

గురువారం పొద్దున్న పిల్లని లోపలికి తీసుకెళ్ళేటప్పుడు అక్క పక్కనే ఉంది. ఆ గదికి కూడా కిటికీ లేదు. అక్క మాస్కు కట్టుకుని లోపలికి వెళ్ళింది. ఇప్పుడు ఇంజెక్షన్, తర్వాత కాళ్ళు మొద్దుబారతాయి, తర్వాత ఏడుపు వినపడుతుంది అని డాక్టర్ని ముందే అడిగి తెలుసుకుని కూతురికి వరసగా చెప్పిందట. నలభై నిమిషాల్లో ఏడుపు బయటిదాకా వినిపించింది. ఆడపిల్ల.

బావ వరండాలోంచి సభకి ఫోను చేశాడు, స్పీకరు పెట్టి. అవతల మాస్టారు, టీచరమ్మ ఇద్దరూ ఉన్నారు. ఆడపిల్ల అన్నాక వాళ్ళు సంతోషించారు, ఎంత బరువో అడిగారు, తల్లి ఎలా ఉందో అడిగారు. అదంతా అయ్యాక మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"ఇంతకీ ఎన్ని వేళ్ళు పట్టాయి?"

బావ తన వేళ్ళవంక చూసుకున్నాడు. వీధివాళ్ళందరిచేతా కొలిపించిన మనిషి తన మొదటి ప్రయాణంలో కొలవడం మర్చిపోయాడు.

"ఎలా కొలుస్తారండీ?" అంది అక్క, ఫోనువైపు వంగి. "ఆయన వేళ్ళన్నీ నా చేతిలోనే ఉన్నాయి కదా."

అవతల పుస్తకం తిప్పిన చప్పుడు, పెన్ను గీసిన చప్పుడు వినిపించాయి. ఆ తర్వాతి ఆదివారం ఫ్లాస్కు పట్టుకెళ్ళినప్పుడు నేను ఆ పేజీ చూశాను. కోసుముక్కు, పదకొండో వరస, ఎడంవైపు అని రాసి ఉంది. దానికెదురుగా టీచరమ్మ ఐదు అని వేసింది.